ఎర్ర పొర

పన్నెండో సంచి విప్పబోయే ముందు జల్లెడాయన దాని ముడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ముడిని వాసన చూడటమేమిటని నవ్వొస్తే నవ్వుకోండి, ఇంట్లో ఆయన భార్య కూడా నవ్వుతుంది. సబ్బు కొంటే కాగితం విప్పి అంచులు అరిగాయేమోనని చూసే మనిషి, ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి, ముడిని మాత్రం ఎందుకు వదిలిపెడతాడు? అయితే ఈసారి ముడిలో నిజంగానే తేడా ఉంది. ఓడ మీద కట్టిన ముడికి బురద పట్టి, ఎండి, బిగుసుకుపోయి, మేకు గుచ్చి పెకలిస్తే గానీ రాదు. పొద్దుట్నుంచి విప్పిన పదకొండూ అలాంటివే. ఇది వేలు తగలగానే జారిపోయింది.

సముద్రంలో చమురు కోసం బావి దింపేటప్పుడు డ్రిల్లు కొరికిన రాయి నలుసులు నలుసులుగా బురదలో కలిసి పైకి వస్తుంది. ప్రతి అయిదు మీటర్లకూ ఆ నలుసుల్ని ఓ గుడ్డసంచిలో పట్టి, లోతెంతో రేకుబిళ్ళ మీద రాసి, ఒడ్డుకు పంపుతారు. ఒడ్డున ఓ ల్యాబు, ల్యాబు వెనక రేకుల షెడ్డు, షెడ్డులో సిమెంటు తొట్టి, కొళాయి, ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు జల్లెడలు, వాటి ముందు ఎత్తుపీట మీద ఈయన. బురద కడిగి, నలుసుల్ని జల్లించి, ట్రేలో పరిచి, అరవై డిగ్రీల వేడిలో ఆరబెట్టి లోపలికి పంపడమే ఈయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పీట, అదే తొట్టి. వేళ్ళ చివర్లు నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడి, సెలవురోజున కూడా అలాగే ఉంటాయి. బ్యాంకులో ఈయన వేలిముద్ర పడదు. అక్కడి గుమాస్తా నాలుగుసార్లు నొక్కించి, అసలు మనిషివి నువ్వేనా అన్నట్టు చూస్తాడు. జల్లెడ ఊపి ఊపి ఎడమ భుజం కుడిదానికంటే కిందికి దిగింది. పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది, అది జీతాల పట్టీ రాసేవాడికి తెలుసు. మిగతా అందరికీ జల్లెడాయనే.

సంచి కుమ్మరించి కొళాయి తిప్పాడు. బురద కరిగి పోతుంటే, ఎప్పటిలాగే బూడిదరంగు మట్టిరాయి నలుసులు జల్లెడలో తేలాయి. వాటి మధ్య ఎర్రగా ఇంకేవో ఉన్నాయి. ఆయన చెయ్యి ఆగిపోయింది. రేకుబిళ్ళ తిప్పి చూశాడు. రెండువేల మూడువందల నలభై మీటర్లు.

ఓ ఎర్ర నలుసు తీసి గోటితో నొక్కాడు. మట్టిరాయి గోటికి లొంగుతుంది, నానిందైతే మరీను. ఇది లొంగలేదు. నాలుక మీద పెట్టుకున్నాడు. కాల్చిన పెంకులాగా నాలుకను పట్టుకుంది. ఇంకో నలుసుకు ఓ పక్క తెల్లగా సిమెంటు అంటుకుని ఉంది. ఇటుక! ఎవడో ఇటుకను నలుసులుగా దంచి సంచిలో కలిపాడు.

"ఏం పెద్దాయనా, ఎలా ఉంది సరుకు?"

గుమ్మంలో తెల్లటోపీ ఆయన. ఆ బావి తవ్విస్తున్న చిన్న కంపెనీ తాలూకు మనిషి. చిన్న కంపెనీ అంటే మరీ చిన్నది. రెండు గదుల ఆఫీసు, అద్దె ఓడ, అద్దె డ్రిల్లు. సొంతమన్నది ఏదైనా ఉంటే ఈయన నెత్తి మీది టోపీ ఒక్కటే. బూట్లకు బురద అంటుతుందని మూడు నెలల్లో ఏనాడూ షెడ్డు గడప తొక్కని పెద్దమనిషి, ఇవాళ తొట్టి పక్కకే వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోను.

"మామూలేనండీ," అన్నాడు జల్లెడాయన, జల్లెడ మీద అరచెయ్యి కప్పి.

"చెయ్యి తీయండి, చూద్దాం."

"బురద చిమ్ముతుందండీ, బట్టలు పాడవుతాయి."

"పాడైతే ఉతికించుకుంటాంలే. అరె! ఆ వేళ్ళ సందుల్లో ఎర్రగా ఉన్నదేంటి?"

గొంతులో ఆశ్చర్యం బాగానే పలికింది. కానీ ఆ మాట నోట్లోంచి రాకముందే ఫోను ఫొటో తీసేసింది. జల్లెడాయన అది చూశాడు. ఆయన చూశాడని టోపీ ఆయన కూడా చూశాడు. ఇద్దరూ ఒక క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత టోపీ ఆయన "మేడమ్! మేడమ్!" అంటూ ల్యాబులోకి పరుగెత్తాడు.

ఆ ఎర్ర పొర సంగతి ఇక్కడ చెప్పాలి. ల్యాబు నడవాలో గోడంత పటం ఒకటి వేలాడుతుంది, ఆ సముద్రం అడుగున ఏ రాయి కింద ఏ రాయి ఉందో చూపించే పటం. అందులో అన్ని పొరలకూ నల్లగీతలు, ఒక్కదానికి మాత్రం ఎర్రగీత. ఇరవై ఆరేళ్ళ కిందట ఓ బావిలో, ఇదే లోతులో, ఎర్రమట్టి పొర తగిలిందని, ఈ ల్యాబును అప్పట్లో నడిపిన పెద్దసారు కనిపెట్టాడు. దానికి ముప్పై మీటర్ల కింద కాస్త చమురు జాడ కూడా కనబడింది, ఓ పొయ్యికి కూడా చాలదనుకోండి. ఎర్ర పొర ఎక్కడుంటే దాని కింద చమురుంటుందని పెద్దసారు రాశాడు. ఆ రాతతోనే ఆయనకు పేరొచ్చింది. పెద్ద కంపెనీ ఒకటి పద్దెనిమిదేళ్ళ కిందట ఇంకోచోట తవ్వి, ఎర్రదనం జాడే కనబడక చేతులెత్తేసింది. ఆ పొర అటువైపు సన్నబడి పోయి ఉంటుందని పెద్దసారు సర్దిచెప్పి, పటంలో గీతను అక్కడ చుక్కలుగా మార్చాడు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ఎటో పోయాయి. చిన్నవాళ్ళు దిగారు. పెద్దసారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన ఫొటో ఆ పటం పక్కనే ఉంది.

ఇప్పుడీ చిన్న కంపెనీ దగ్గర డబ్బయిపోయింది. బావి ఎక్కడిదక్కడ ఆగింది. "ఎర్ర పొర తగలడమే ఆలస్యం, ఆ తర్వాత ముప్పై మీటర్లు!" అని రంగుల పుస్తకాలు అచ్చేసి, ఆ ముప్పై మీటర్ల ఖర్చుకోసం ఊళ్ళో షేర్లు అమ్ముతోంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆఖరు. సరిగ్గా ఆ పొద్దునే ఎర్ర పొర తగలడం, అదీ వదులు ముడిలోంచి తగలడం, జల్లెడాయనకే కాదు, ఇంకెవరికైనా అనుమానం రావలసిన సంగతే. కానీ ఎవరికీ రాలేదు. ఎందుకంటే మేడమ్ పరీక్ష చేసింది.

మేడమ్ పెద్దసారు శిష్యురాలు. ఇరవై రెండేళ్ళ వయసులో నోట్‌బుక్కు గుండెలకు హత్తుకుని ఈ ల్యాబులో అడుగుపెట్టింది. మాటలో, పనిలో మచ్చలేని మనిషి. ఆరబెట్టేదాకా కూడా ఆగకుండా తడి నలుసుల్నే గాజు గిన్నెలో వేసుకెళ్ళింది. పైఅంతస్తు స్టోరు గదిలోంచి పెద్దసారు దాచిన అసలు పొట్లం తెప్పించింది. మైక్రోస్కోపు కింద సగం పాతది, సగం కొత్తది పెట్టి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు చూసింది. తలెత్తేసరికి ఆవిడ కళ్ళలో నీళ్ళు.

"అచ్చం అదే. రంగు, గరుకుదనం, పగిలే తీరు, అన్నీ అదే. మా సారు ఉండుంటే..." అంది.

ట్రే పట్టుకుని వెనకే వెళ్ళిన జల్లెడాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, ఒక నలుసుకు సిమెంటు అంటుకుని ఉంది."

"బావి గోడకు సిమెంటు పోస్తారు కదండీ. రాలి కలిసుంటుంది. అలాంటివి రోజూ మీరే ఏరి పారేస్తారుగా."

అదీ నిజమే. "ముడి కూడా వదులుగా ఉందమ్మా."

"మీకు అన్నీ వదులుగానే కనిపిస్తాయి," అంది మేడమ్ నవ్వుతూ. టోపీ ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

అప్పటికే కబురు గేటు దాకా పాకింది. గేటు కాపలా మనిషి ఈల వేశాడు. క్యాంటీనాయన ఇవాళ టీ అందరికీ ఉచితమని కేకేశాడు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒక్క గుక్క ఉచితంగా పోసిన పాపాన పోని మనిషి. వాళ్ళకు షేర్లున్నాయి మరి. డ్రైవరుకున్నాయి, గుమాస్తాలకున్నాయి. ల్యాబులో షేర్లు లేనివాళ్ళు ఇద్దరే. మేడమ్‌కు లేవు, నలుసులు చూసి తీర్పు చెప్పే మనిషి కొనకూడదన్నది రూలు. జల్లెడాయనకు లేవు, రూలు లేకపోయినా.

ఆయన షెడ్డులోకి వచ్చి పీట మీద కూలబడ్డాడు.

కొత్తదీ పాతదీ ఒకటేనని మేడమ్ అన్నది అబద్ధం కాదు. ఆవిడ కళ్ళు మోసపోలేదు, మైక్రోస్కోపూ మోసపోలేదు. రెండూ ఒకటే, ఎందుకంటే రెండూ కాల్చిన మట్టే. ఆ సముద్రం అడుగున ఎర్ర పొర అనేది ఏనాడూ లేదు. ఈ సంగతి భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. టోపీ ఆయనకు కూడా తెలియదు. లేని పొరను తెచ్చి చూపిస్తున్నానని తెలియక, ఉన్నదాన్నే ముందుగా చూపిస్తున్నాననుకుని ఆయన ఇటుక దంచాడు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఓ రోజు ఆరబెట్టే ఓవెన్ చెడిపోయింది. ట్రేలు పేరుకుపోయాయి, లోపలి నుంచి కేకలు. షెడ్డు మూల చిన్న కరెంటు కొలిమి ఉండేది, నలుసుల్లోని నూనె జిడ్డు కాల్చి పారేయడానికి మేడమ్‌లూ సార్లూ వాడేది. అందులో పెడితే ఏం పోయిందిలే అనుకున్నాడు. ఓవెన్ మీటకు ఆరు దగ్గర గీత అంటే అరవై. కొలిమి మీటకూ అంకెలే ఉన్నాయి. ఆరు దగ్గరికి తిప్పి బయటికెళ్ళాడు. ఆ అంకెలు వందలని ఆయనకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, ఈయనా అడగలేదు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చి తలుపు తీస్తే, బూడిదరంగు మట్టి కుండపెంకులా ఎర్రబడి ఉంది.

చెబితే ఉద్యోగం పోయేది. ఉద్యోగంలో చేరి అయిదేళ్ళు, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు, పెళ్ళయి ఏడాది. చల్లారేదాకా ఆగి, పొట్లం కట్టి లోపలికి పంపేశాడు. తిడతారనుకున్నాడు. పారేస్తారనుకున్నాడు. మర్నాడు పెద్దసారు స్వయంగా షెడ్డుకొచ్చి భుజం తట్టి, "నీ చేతుల మీదుగా వచ్చిన పొరయ్యా ఇది" అన్నాడు. ఆ పెద్దమనిషి జీవితంలో అంతకంటే నిజమైన మాట ఇంకోటి అనలేదు.

చెబుదామని రెండుసార్లు పెద్దసారు గదిదాకా వెళ్ళాడు. మొదటిసారి లోపల ఎవరో ఆయనకు దండ వేస్తున్నారు. రెండోసారి, ఆ పెద్ద కంపెనీ ఉత్తబావి తవ్వి చేతులెత్తేసిన రోజున, పెద్దసారు తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు. రెండుసార్లూ గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాడు. ఆనాటి నుంచే ఈయనకు ఈ అనుమానాల జబ్బు పట్టుకుంది. తనపాటి వాడు చెప్పిన అబద్ధాన్నే లోకం ఇంత సుబ్బరంగా నమ్మితే, ఇక తనకు లోకం చెప్పేదాంట్లో ఎన్ని అబద్ధాలున్నాయో! పాలవాడు కూడా ఓ కొలిమి వెనకాల దాచుకునే ఉంటాడనిపించేది. అందరూ ఆయన్ని చాదస్తపు మనిషి అనుకున్నారు. పాపం, ఆయన భయం చాదస్తం కాదు.

"అన్నయ్యా, ఎక్కడున్నావ్?"

చెల్లెలు. మధ్యాహ్నం ఒంటిగంటవుతోంది. షెడ్డు మెట్టును కాలితో వెతుక్కుంటూ లోపలికొచ్చింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు, వాటి వెనక చిన్నవైపోయిన కళ్ళు. పెళ్ళీ గిళ్ళీ నాకొద్దని, పాతికేళ్ళ పైన మేడ మీద కొట్లో మిషను తొక్కి బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. రెండేళ్ళుగా సూదిలో దారం పడటం లేదు. పోయిన నెల కొట్టు అమ్మేసింది. ఇక ఆవిడకు కుట్టు లేదు, వేరే రాబడి లేదు, ఆ అమ్మిన డబ్బే ముసలితనానికి దిక్కు.

చేతిసంచిలోంచి ఓ కాగితం తీసి ఆయన మోకాలి మీద పెట్టింది. "ఇదిగో, ఇక్కడ సాక్షి సంతకం. నాలుగు లోపల ఇచ్చెయ్యాలి. గేటు దగ్గర చెప్పారు, తగిలిందటగా ఎర్ర పొర!"

"ఎంత పెడుతున్నావ్?"

"మొత్తం."

ఆయన కాగితం వంక చూశాడు. కంపెనీ షేర్ల దరఖాస్తు. కింద చెల్లెలి సంతకం, కుట్టుమిషను గీసినట్టు తిన్నగా. "వద్దే," అన్నాడు.

"వద్దంటావని తెలుసు. నువ్వు దేనికి ఊ అన్నావు గనక? మిషను కొంటానంటే వద్దన్నావ్. కొట్టు మేడ మీద పెడతానంటే ఎవరెక్కుతారే అన్నావ్. ఎక్కలేదా? పాతికేళ్ళు ఎక్కారు. అసలు నువ్వు వద్దన్నదల్లా నాకు అచ్చొచ్చింది అన్నయ్యా."

"ఇది అలాంటిది కాదు. మోసం."

"ఎవరు చెప్పారు?"

"ముడి వదులుగా ఉంది."

చెల్లెలు ఓ క్షణం ఆయన మొహంలోకి చూసి పకపకా నవ్వింది. "ముడా! నీ మొహం. మేడమ్ పరీక్ష చేసి చెప్పిందట, పాతదీ కొత్తదీ ఒకటేనని. ఆవిడ కూడా మోసగత్తేనా?"

"ఆవిడ దేవతే."

"మరి? సరైన కారణం ఒక్కటుంటే చెప్పు, ఇప్పుడే ఈ కాగితం చింపేస్తా. లేదా సంతకం పెట్టు. ముడులూ, తాళాలూ, పాలల్లో నీళ్ళూ అని చెప్పకు. నాకు కళ్ళు పోతున్నాయి అన్నయ్యా. ఇంకో నాలుగేళ్ళకు నా అన్నం నేను వండుకోలేను. నీ ఇంటి మీద పడి బతకమంటావా?"

నవ్వుతూ మొదలెట్టిన మనిషి చివరికి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఈయనకు ఒళ్ళు మండింది, ఆవిడ మీద కాదు, తన మీద తనకే. ఎన్నేళ్ళుగానో అక్కర్లేని చోటల్లా అనుమానపడి, అక్కరకొచ్చిన రోజున తన అనుమానానికి చిల్లిగవ్వ విలువ లేకుండా చేసుకున్నాడు. కారణం ఒక్కటి అడుగుతోంది చెల్లెలు. ఉన్నదీ ఒక్కటే. అది నోటితో చెబితే కూడా ఎవరూ నమ్మరు. అన్నయ్య షేర్లు ఆపడానికి కట్టుకథ అల్లాడంటారు.

"రెండు గంటలు కూర్చో," అన్నాడు లేచి. "ఆ తర్వాత కూడా కావాలంటే సంతకం పెడతా. అమ్మ మీద ఒట్టు."

ఆయన మేడమ్ గదిలోకి వెళ్ళి, అడగక అడగక ఒకటి అడిగాడు. ఆ పాత బావిలో ఎర్ర పొరకు అయిదు మీటర్ల పైన తీసిన మట్టి, బూడిదరంగుది, పై స్టోరు గదిలో ఉంటుంది, కాస్త కావాలి.

"ఎందుకు?"

"మీరు కూడా షెడ్డుకు రావాలమ్మా. మీ కళ్ళ ముందే చెయ్యాలి."

ముప్పై ఏళ్ళలో ఏదీ అడగని మనిషి అడిగేసరికి మేడమ్‌కు కాదనబుద్ధి కాలేదు. అనుమానంగా చూస్తూనే పొట్లం తీసుకుని వచ్చింది. ఆయన అందులోంచి గుప్పెడు మట్టి ట్రేలో పల్చగా పరిచాడు. మేడమ్ చేత వేలితో తాకించాడు, చెల్లెలి చేత కూడా తాకించాడు. మూలనున్న కొలిమి తలుపు తీసి ట్రే లోపల పెట్టి, మీట ఆరు దగ్గరికి తిప్పాడు.

"అది ఆరువందల డిగ్రీలండీ!" అంది మేడమ్.

"ఇప్పుడు తెలుసమ్మా."

ఆ మాటకు మేడమ్ మొహంలో ఏదో మారింది. తొట్టి అంచు మీద కూర్చుంది. చీర తడుస్తున్నా చూసుకోలేదు. చెల్లెలు ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తోంది. కొలిమి సన్నగా గుయ్యిమంటోంది. షెడ్డులో వేడి పెరిగింది.

సగంలో టోపీ ఆయన తొంగిచూశాడు. "కొలిమి ఎందుకు వేశారు పెద్దాయనా?"

"చలిగా ఉందండీ," అన్నాడు జల్లెడాయన, చొక్కా అంతా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుని ఉండగా.

టోపీ ఆయన మేడమ్ వంక చూశాడు. మేడమ్ ఆయన వంక చూడలేదు. కాసేపు గుమ్మంలో తచ్చాడి, ఫోను చెవిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి గేటు బయట కారు కదిలిన చప్పుడైంది.

మూడు కావడానికి పావుగంట ఉందనగా జల్లెడాయన మీట ఆపేశాడు. పటకారుతో ట్రే లాగి నేల మీద పెట్టాడు. చెప్పడానికేముంది, కనబడుతూనే ఉంది. బూడిదరంగు మట్టి కాస్తా ఎర్రగా, అచ్చం పొద్దున జల్లెడలో తేలినంత ఎర్రగా ఉంది.

"ఇరవై ఆరేళ్ళ కిందట, ఆ రోజు ఓవెన్ పాడైందమ్మా," అన్నాడు నేల వంక చూస్తూ. "అంకె చూసి అరవై అనుకుని, మీట తిప్పి బయటికెళ్ళా. భయపడి చెప్పలేదు. మీ సారుది తప్పు కాదు. మీది అంతకంటే కాదు. నాది."

మేడమ్ ట్రే మీదికి వంగి చూసింది. "నేను పిల్లలకు పాఠం చెప్పానండీ ఈ పొర గురించి," అంది. "పదహారేళ్ళు చెప్పాను. ఆస్పత్రిలో మా సారు ఆఖరిసారి అడిగింది కూడా దీని గురించే. ఎప్పటికైనా మళ్ళీ తగులుతుందంటావా అని." ఏడవలేదు గానీ, ఏడ్చినా బాగుండేదనిపించింది చూసేవాళ్ళకు.

"ఏ రోజు?" అంది చెల్లెలు ఉన్నట్టుండి. "ఓవెన్ పాడైన రోజు బయటికెళ్ళానన్నావ్. ఎక్కడికెళ్ళావ్?"

ఆయన పటకారు తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు.

"నా మిషను మోసుకొచ్చిన రోజు కదూ అది? కొట్టు తెరిచిన రోజు. కూలివాళ్ళు మెట్లు ఇరుకని వదిలేసి పోతే, నువ్వు పనిలోంచి వచ్చి ఒక్కడివే మూడంతస్తులు మోశావ్. మంచినీళ్ళు కూడా తాగకుండా పరుగెత్తావ్. చెప్పవేం?"

"దాందేముందే," అన్నాడు.

మేడమ్ లేచింది. ఆవిడ గొంతు ఇప్పుడు పనిలో ఉన్న మనిషి గొంతు. "దీన్ని లోపలికి తీసుకెళ్ళి మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాను. నాలుగు లోపల షేర్ల ఆఫీసుకూ, పత్రికకూ కబురు పంపాలి. ఏం జరిగిందో మొత్తం రాయాలి. మీ గురించి కూడా."

"రాయండమ్మా. దాచొద్దు."

"దేన్లో పోయాలి ఇది? కాగితమేదైనా ఉందా?"

జల్లెడాయన చుట్టూ చూశాడు. షెడ్డులో అన్నీ తడి కాగితాలే. అప్పుడు చెల్లెలు ఆయన పీట మీదున్న దరఖాస్తును తడుముకుని తీసుకుంది. రెండు చేతులతో సాపు చేసి, సంతకమున్న వైపు పైకి వచ్చేలా, మేడమ్ ముందు పట్టుకుంది. మేడమ్ చూసింది. ట్రే చల్లారేదాకా ఆగి, మట్టి జాగ్రత్తగా దాని మీదికి వంచింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఆ కాగితాన్ని చెరోవైపు పట్టుకుని లోపలికి నడిచారు.

తర్వాత జరిగిందంతా అరగంటలో జరిగిపోయింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి కేకలేశాడు. ఆయనకూ షేర్లున్నాయి. ఉదయం కొన్నవాళ్ళు తమ డబ్బు వెనక్కొస్తుందా రాదా అని గుమిగూడారు. కొందరికి వస్తుంది, కొందరికి రాదు. కబురు నాలుగుకు పది నిమిషాల ముందే షేర్ల ఆఫీసుకు చేరింది. అక్కడ వరసలో నిలబడ్డవాళ్ళు ఇళ్ళకు పోయారట. ఇటుక దంచిన మనిషి దొరక్కపోవడంతో తిట్లన్నీ మట్టి కాల్చిన మనిషికే పడ్డాయి. క్యాంటీనాయన అయితే మొహం మీదే అన్నాడు, ఇరవై ఆరేళ్ళు దాచినవాడివి ఇంకో నెల దాచలేకపోయావా అని. ఆ నెలలో తన షేర్లు అమ్ముకుని ఉండేవాడట. ఈ ఒక్క మాట మాత్రం జల్లెడాయన మనసులో కలుక్కుమంది, అందులో కొంత న్యాయం ఉంది కాబట్టి.

"రేపట్నుంచి రావద్దు. మిగతాది కాగితం మీద వస్తుంది," అన్నాడు మేనేజరు. ఉద్యోగ విరమణకు ఇంకా ఎనిమిది నెలలుంది.

"మంచిదండీ," అన్నాడు జల్లెడాయన.

జల్లెడలు మూడూ కడిగి బోర్లించాడు. ఇంకా విప్పని సంచులు లోతు వరసలో పేర్చి, పైన గోనె కప్పాడు. వచ్చేవాడెవడో వాడికి వెతుక్కునే పని ఉండకూడదు. ఏప్రాన్ మడిచి పీట మీద పెట్టాడు. చెల్లెలు మెట్టు దగ్గర నిలబడి ఉంది.

"భయంగా ఉందా?" అంది.

"లేదే. ఆకలిగా ఉంది," అన్నాడు, ఆ సంగతి తనకే వింతగా తోచి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.

"మెట్టుంది, చూసుకో," అంటూ చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ గేటు వైపు నడిచారు. కాపలా మనిషి రోజూలాగా దణ్ణం పెట్టలేదు, మొహం తిప్పుకున్నాడు. గేటు మాత్రం తీశాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ అన్నాచెల్లెళ్ళు ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి చెల్లెలు నవ్వడం వినబడింది.

సాయంత్రం ల్యాబు ఖాళీ అయింది. నడవాలో పటం ముందు నిలబడి నిలబడి మేడమ్ కూడా వెళ్ళిపోయింది. ఆవిడ బల్ల మీద మాత్రం ఆ దరఖాస్తు అలాగే ఉంది. కింద కుట్టులాగా తిన్నగా చెల్లెలి సంతకం, దాని పక్కన సాక్షి కోసం వదిలిన ఖాళీ గడి, ఆ గడి నిండా కుప్పగా పోసిన గుప్పెడు ఎర్రమట్టి.